పదహారు టెరాబైట్లు దాటాక

మ్యూనిక్‌లో ఒక స్టోరేజ్ కంపెనీలో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ మీద పనిచేస్తాను. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎండాకాలం ఇంటికొస్తే కొన్నాళ్లు ఇక్కణ్ణుంచే పని. అక్కడ పొద్దున్న తొమ్మిదంటే మనకి పన్నెండున్నర, అమ్మ అన్నానికి పిలిచే వేళకే మీటింగ్ మొదలవుతుంది.

ఈసారి నా పనంతా చాలా పెద్ద ఫైల్ సిస్టమ్‌ల మీదే. డిస్కు మీద ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునేది ఫైల్ సిస్టమే. లినక్స్‌లో పాత ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ3లో డిస్కు మీది ప్రతి బ్లాకుకీ, అంటే ప్రతి ముక్కకీ, 32 బిట్ల నంబరు ఉండేది. అలాంటి నంబర్లు సుమారు 430 కోట్లే. బ్లాకు 4 కిలోబైట్లు కాబట్టి మొత్తం 16 టెరాబైట్లు, అంతే. 2008లో కెర్నల్ 2.6.28తో వచ్చిన ఈఎక్స్‌టీ4 ఆ నంబరుని 48 బిట్లకు పెంచింది. హద్దు ఒక్కసారిగా ఎక్సాబైట్‌కి, అంటే సుమారు పది లక్షల టెరాబైట్లకి, పోయింది. కానీ దాన్ని ఫార్మాట్ చేసే, సరిచూసే టూల్స్ 16 టెరాబైట్లు దాటేసరికి 2011 అయింది. ఆ ఆలస్యం నాకు సబబుగానే అనిపిస్తుంది. కోడ్‌లో ఎక్కడో ఒక లెక్క పొరపాటున 32 బిట్ల వేరియబుల్‌లో పడిందనుకోండి, 16 టెరాబైట్ల అవతల రాయాల్సిన డేటా చుట్టు తిరిగొచ్చి డిస్కు మొదట్లో ఉన్నదాని మీద పడుతుంది. ఎర్రర్ ఏమీ రాదు. ఎవరిదో ఏళ్ల తరబడి దాచుకున్న డేటా పోతుంది.

ఇలాంటివి పట్టుకోడానికి అంత పెద్ద డిస్కులు అక్కర్లేదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్ సిస్టమ్ మీద 100 టెరాబైట్ల ఖాళీ ఫైలు సృష్టిస్తే అది నిజంగా జాగా దాదాపు ఏమీ తీసుకోదు. దాన్నే డిస్కులా మౌంట్ చేసి, అంటే వాడకంలోకి తెచ్చి, చివరి అంచున రాసి, మొదలు చెదిరిందేమో చూస్తాను. వసారాలో కూర్చుని, లాప్‌టాప్ మీదే.

నాన్నగారు ఇరిగేషన్‌లో కాలువ నీళ్లు చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యారు. పక్కనే కూర్చుని అంతా విని అడిగారు: "ఎంత పెద్దదైతే ఏంట్రా, పాడైతే ఎన్నాళ్లు కట్టెయ్యాలి?"

అసలు సంగతి అదే. కరెంటు పోతే జర్నల్, అంటే చేయబోయే మార్పులు ముందే రాసిపెట్టుకునే చిట్టా, కాపాడుతుంది. మెటాడేటా, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే లెక్కే, చెడితే మాత్రం వాడకం ఆపి, అన్‌మౌంట్ చేసి మొత్తం సరిచూడాలి. సైజు పెరిగేకొద్దీ దానికి పట్టే టైమూ, మెమరీ కూడా పెరుగుతాయి. ధవళేశ్వరంలో నీళ్లు ఆపి, పూడిక తీసి, షట్టర్లు బాగుచేసి మళ్లీ కాలువలు వదలడం ఆలస్యమైతే సార్వా (ఖరీఫ్ వరి) ఎలా వెనకబడుతుందో ఆయనకి తెలుసు. మా కస్టమర్లకి ఆ ఆపే రోజులు కూడా ఉండవు.

అందుకే వందల టెరాబైట్లంటే నేను ఎక్స్‌ఎఫ్‌ఎస్ వైపే మొగ్గుతాను. అది డిస్కుని ఒక్కోటి టెరాబైట్ మించని గ్రూపులుగా విడదీస్తుంది. ఖాళీ బ్లాకుల లెక్క ఏ గ్రూపుది దానికే ఉంటుంది, కాబట్టి సరిచూసేటప్పుడు పనిని పంచుకోవచ్చు. మౌంట్ అయి ఉండగానే రిపేర్ చేసే కోడ్‌లో చాలా భాగం 2024లో మెయిన్ కెర్నల్‌లోకి వచ్చేసింది.

"అయితే నీళ్లు పారుతుండగానే బాగుచేస్తారన్నమాట."

"అవునండీ. అన్ని రకాల డ్యామేజీకీ కాదు."

ఆ మధ్యాహ్నం మీటింగ్‌లో ఒకటే అడిగాను: ఇకమీదట ఏ హద్దు పెంచినా, రిపేర్‌కి ఎంత టైము, ఎంత మెమరీ పడుతుందో కూడా కొలిచి ఆ ప్యాచ్‌తో (కోడ్ మార్పుతో) పాటే పెట్టాలని. టీమ్ సరేనంది. ముందు 100 టెరాబైట్లతో కొలుస్తున్నాం.