మేనకోడలి తాంబూలాలు

నిన్న పర్లాకిమిడిలో మా మేనకోడలి తాంబూలాలు. అబ్బాయి వాళ్లు ఒడియా వాళ్లు, దీన్ని వాళ్లు నిర్బంధ అంటారు. నూట పదహార్ల కవరు మీద ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. పిల్ల చదివింది ఒడియా మీడియం. తెలుగు చక్కగా మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. 1936లో ఊరు ఒడిశాలో కలిశాక మా ఇళ్లల్లో చాలామంది పిల్లలు ఇంతే.

పైన తెలుగులో "శీఘ్రమేవ కళ్యాణ ప్రాప్తిరస్తు" అని రాశాను. కింద ఒడియా అక్షరాల్లో తెలుగు మాటలే: "నువ్వు నవ్వితే మీ అమ్మమ్మే గుర్తొస్తుంది తల్లీ. అలాగే నవ్వుతూ ఉండు." పెద్ద పెద్ద దీవెనల కంటే ఆ పిల్లకే చెందే మాట ఒక్కటుంటే చాలనిపించింది.

పెదాలు కదుపుతూ చదివి, "మావయ్యా, అమ్మమ్మ..." అంటూ ఆగిపోయింది. కవరు మూలకి దాని చేతి పసుపు అంటింది.