ఎవరు ఎంతకాలం ఆగగలరు?

హాన్యా యానగిహారా రాసిన 'ఎ లిటిల్ లైఫ్' నవలని మా తమ్ముడు హైదరాబాద్ నుంచి తెచ్చాడు. "అప్పా, కాలేజీ అయ్యాక న్యూయార్క్‌లో నిలదొక్కుకోవాలని చూసే నలుగురు స్నేహితుల కథ, చదువు" అన్నాడు. 2015లో వచ్చింది, ఆ ఏడాది బుకర్ బహుమతి తుది జాబితాలోనూ ఉంది. ఏడు వందల పేజీలు దాటిన పుస్తకంలో నన్ను పట్టుకుని వదలనిది మొదటి భాగమే.

విల్లెమ్ నటుడు కావాలనుకుంటూ రెస్టారెంట్‌లో సర్వర్‌గా చేస్తుంటాడు. జేబీది పెయింటింగ్, మాల్కమ్ ఆర్కిటెక్ట్, జూడ్ లాయరు. విల్లెమ్, జూడ్ కలిసి లిస్పెనార్డ్ వీధిలో ఓ పాత ఫ్లాట్‌లో దిగుతారు. మాల్కమ్‌కి డబ్బున్న అమ్మానాన్నలు ఉన్నారు. జేబీని ఇంట్లో ఆడవాళ్లంతా నెత్తిన పెట్టుకుంటారు. మిగతా ఇద్దరికీ వెనక ఎవరూ లేరు. నేను బడిలో లెక్కలు చెప్తాను, అందుకేనేమో ఈ తేడా దగ్గరే ఆగిపోయాను. ఒకే వయసు, ఒకే చదువు. కల కోసం ఎవరు ఎంతకాలం ఆగగలరో మాత్రం ఇంటి పరిస్థితి తేలుస్తుంది.

మా నరసన్నపేట వైపు పిల్లలు ఇంజనీరింగ్ కాగానే ఆమదాలవలసలో హైదరాబాద్ వెళ్లే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. అమీర్‌పేటలో కోర్సు, ఎస్సార్ నగర్‌లో హాస్టల్. ఉద్యోగం ఆలస్యమైతే ఊళ్లో పొలం ఉన్నవాడు ఇంకో కోర్సులో చేరతాడు. తల్లి జీడిపప్పు ఒలిచి డబ్బు పంపేవాడు ఏ పని దొరికితే అది పట్టుకుంటాడు. తమ్ముడి రూమ్మేట్ ఒకబ్బాయిది పలాస. షార్ట్ ఫిల్మ్‌లు తీయాలని వెళ్లాడు, ఇప్పుడు బండి మీద పార్సిళ్లు ఇస్తున్నాడు. "వాడు రాసిన సీన్లు వింటే నువ్వు ఏడుస్తావప్పా" అంటాడు తమ్ముడు.

నవల్లో నలుగురూ పెద్దవాళ్లైపోతారు, గొప్ప పేరు కూడా వస్తుంది. నాకు నచ్చనిది అదే. అద్దె బాధ తీరాక కథంతా జూడ్ చిన్నప్పుడు పడ్డ నరకం వైపు వెళ్తుంది. పిల్లల మీద లైంగిక హింస, తనను తాను గాయపరుచుకోవడం చాలా వివరంగా ఉంటాయి. మనసు బాగోలేనప్పుడు ఈ పుస్తకం ముట్టుకోవద్దని గట్టిగా చెప్తున్నాను.

కథకుడు కాళీపట్నం రామారావు, మా కారా మాస్టారు, 1997లో శ్రీకాకుళంలో కథానిలయం అనే కథల లైబ్రరీ పెట్టి తెలుగు కథల్ని ఒకచోట చేర్చే పని మొదలుపెట్టారు. ఎస్సార్ నగర్ గదుల మీద ఒక పెద్ద నవల కూడా రావాలని నా కోరిక. అందులో గెలిచినవాడితో పాటు, ఆగలేక ఊరికి తిరిగొచ్చి సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్నవాడి కథ కూడా చివరిదాకా ఉండాలి. ఆ గదుల్లో ఉండి ఎవరైనా రాస్తుంటే నాకు పంపండి. చేతిరాతలో ఉన్నా సరే, చదువుతాను.