చప్పట్లు, అంతరాయం

మన బడి బ్యాచ్ కలిసే రోజుకి వేస్తున్న సంచికకి రాయమని గంట మూడుసార్లు ఫోన్ చేశాడు (అందరికీ బళ్లో పెట్టుకున్న పేర్లే రాస్తున్నాను). మొదటిసారి "రెండు పేజీలు చాల్రా" అన్నాడు. రెండోసారి "ఫోటో కూడా పంపు, జుట్టున్నప్పటిది" అన్నాడు. మూడోసారి గొంతు తగ్గించి, "ముఖ్య అతిథి మన త్రికోణమే. వాడి గురించి నాలుగు మంచి ముక్కలు పడేలా చూడు" అన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు పరాయివాళ్ల మాటలు రాసి బతికినవాణ్ని. సొంతంగా రాయమంటే చెయ్యి ఆడటం లేదు. అయినా సంచిక కమిటీకి ఎదురు చెప్పి బతికి బట్టకట్టినవాళ్లు మన బ్యాచ్‌లో ఎవరున్నారు? పెద్దక్క సంగతి చూశాం కదా.

ఒక్క షరతు. ఎనిమిదో తరగతి గురించి నన్నడక్కండి, అది ఎటు పోయిందో నాకే తెలీదు. తొమ్మిదిలో గ్లోబు పగిలింది. అదెవరి పనో రాయనని ఇద్దరికి మాటిచ్చాను. నా బడి మొత్తం పదో తరగతిలో ఉంది, అందులోనూ శనివారం ఆఖరి పీరియడ్‌లో.

మొన్న త్రికోణం రాజకీయ ప్రసంగం వీడియో గ్రూపులో పెట్టింది ఇంకు సీసాయే అనుకుంటా. భుజాన తువ్వాలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా చేతులు. "నాకు పెద్ద సదువుల్లేవు. లెక్కలు అసలే రావు. మీ కట్టం సదవడం వొక్కటే వొచ్చు." జనం ఈలలు. మన గ్రూపులో అయితే నవ్వే బొమ్మలు వరదలా వచ్చిపడ్డాయి. లెక్కలు రావట! జామెట్రీ బాక్సు మూత వెనక సైనూ కాసూ విలువలు రాసుకొచ్చాడేమోనని పరీక్ష హాల్లో లెక్కల మాస్టారు మూత తిప్పి తిప్పి చూశారు. అక్కడ ఏమీ లేదు. వాడికవి నోటికొచ్చు. ఇక సదువుల్లేవన్న మాట. వాళ్లింట్లో మూడు తరాల ప్లీడర్లు. ఆ ముందు గదిలో అద్దాల బీరువాలు చూసి మనం గుమ్మంలోనే చెప్పులు విప్పేసి, పుస్తకాల వీపులు మాత్రం చదువుకుని వెనక్కొచ్చేవాళ్లం.

నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు. నవ్వాక సోషల్ మాస్టారు గుర్తొచ్చారు. ఆయనుంటే "దేనికి నవ్వావో రికార్డు చెయ్యి" అనేవారు.

మాస్టారి సుద్దముక్క గురించి, ఆ దగ్గు గురించి, "రికార్డు ప్రకారం" గురించి మీకు చెప్పక్కర్లేదు. ఆయన క్లాసులో మనతో ఆడించిన ఉత్తుత్తి శాసనసభ, అదే మాక్ అసెంబ్లీ గురించి మాత్రం చెప్పాలి. అప్పుడు మీరంతా సభ్యులు, మీ ధ్యాసంతా బెంచీలు చరచడం మీదే. మొత్తం విన్నవాణ్ని నేనొక్కణ్నే. నాకు పదవి ఏదీ రాలేదు. మంత్రిని చేస్తే ప్రశ్నకు జవాబు చెప్పేసరికి పీరియడ్ అయిపోతుందని పిల్లి అన్నాడు, మీరందరూ ఒప్పుకున్నారు. నా నత్తికి కామా అనే పేరు ఊరికే రాలేదుగా. మాస్టారు నవ్వలేదు. స్పీకరు కుర్చీ ముందు చిన్న బల్ల వేయించి, నోట్‌బుక్ ఇచ్చి, "నువ్వు రిపోర్టరువి. ప్రతి మాటా పడాలి. చప్పట్లు కొడితే చప్పట్లని రాయి, అరిస్తే అంతరాయం అని రాయి. నీ అభిప్రాయం ఒక్కటీ పడకూడదు" అన్నారు. ఆ బల్ల దగ్గర్నుంచి నేను జీవితంలో లేవనేలేదు.

ఆటల పీరియడ్ బిల్లు గుర్తుందా? వారానికి ఇంకో ఆటల పీరియడ్ కావాలని త్రికోణం పెట్టిందే. మొదటి శనివారం వాడు బోర్డు మీద టైంటేబుల్ గీశాడు. "అధ్యక్షా, ఉన్నవి నలభై పీరియడ్లు. కొత్తది ఆకాశం నుంచి ఊడిపడదు. పరీక్ష లేని సబ్జెక్టులు ఇప్పటికే కోసేశాం. మిగిలింది సైన్సు ల్యాబు ఒక్కటే. ల్యాబు తగ్గితే ఏం పోతుందో కూడా చెబుతాను" అని నిజంగానే చెప్పాడు, ఒక్కో ప్రయోగం పేరు పెట్టి మరీ. అప్పటికే సగం సభ నిద్రలో ఉంది. పిల్లి లేచి "అధ్యక్షా, నాకు ఆకలేస్తోంది" అన్నాడు, చప్పట్లు. బిల్లు ఓడిపోయింది.

తర్వాతి శనివారం వాడు తువ్వాలేసుకొచ్చాడు. ఎవరిదో పాతది. యాస మార్చాడు. బోర్డు వైపు చూడనే లేదు. "అధ్యచ్చా, నేను లెక్కలు తెలీనోణ్ని. నాకు తెలిసిందల్లా పిలగోడి కాలు నేల మీద నిలవదని." ఇంకు సీసా ఈల వేశాడు. గంటగాడు గంట కొట్టడం మర్చిపోయాడు. బిల్లు ఏకగ్రీవం.

మాస్టారు లేచి, "రిపోర్టరు గారూ, పోయిన వారం ఈ సభ్యుడు ల్యాబు గురించి ఏమన్నారో చదవండి" అన్నారు. నా చేతులు చల్లబడ్డాయి. లేచి నిలబడ్డాను. చదివాను. ఆగకుండా చదివాను. పరాయి మాటలు చదువుతున్నప్పుడు నాకు నత్తి రాదని నాకు తెలిసింది ఆ శనివారమే. మీలో ఎవరూ గమనించలేదు, మీరంతా త్రికోణం మొహం చూస్తున్నారు. మాస్టారు మాత్రం గమనించారు.

"ఈ వారం ల్యాబు గురించి ఏమన్నారు?"

"ఏమీ అనలేదు సార్."

"ఎవరైనా అడిగారా?"

"అడగలేదు సార్."

"ఎందుకడగలేదు?" అని సభ వైపు తిరిగారు. ఎవరూ పలకలేదు. చివరికి పెద్దక్కే చెప్పింది: "తనకి లెక్కలు తెలీవన్నాడు కద సార్."

మాస్టారు ఆ మాటని బోర్డు మీద రాశారు. తెలీదన్నవాణ్ని ఎవరూ లెక్క అడగరు. ఆ తర్వాత బెల్లు కొట్టినా మనల్ని వదల్లేదు.

ముందు హారిసన్‌ని తెచ్చారు. 1840 అమెరికా అధ్యక్ష ఎన్నిక. ఈ ముసలాయనకి ఓ పీపా పులిసిన ఆపిల్ రసం, కాస్త పెన్షనూ పారేస్తే దుంగల గుడిసెలో కూర్చుని కాలక్షేపం చేస్తాడని ఎదుటి పక్షం పత్రిక ఒకటి వెటకారం చేసింది. విలియం హెన్రీ హారిసన్ మనుషులు ఆ వెటకారాన్నే జెండా చేసుకున్నారు. ఊరేగింపుల్లో బండ్ల మీద గుడిసెలు కట్టి తిప్పారు. ఇంతకీ ఆయన పుట్టింది వర్జీనియాలో బర్క్‌లీ అనే పెద్ద ఎస్టేటులో. తండ్రి 1776 స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఒకడు. ఎదుట నిలబడిన మార్టిన్ వాన్ బ్యూరెన్ పూటకూళ్ల ఇల్లు నడిపినవాడి కొడుకు. ప్రచారంలో ఎస్టేటు బిడ్డ గుడిసె మనిషయ్యాడు, పూటకూళ్లాయన బిడ్డ భోగాల దొరయ్యాడు. గెలిచిన హారిసన్ ప్రమాణం చేసిన నెలకే పోయాడు. "ఆయన పరిపాలన ఏపాటిదో తెలిసే వ్యవధి లేకపోయింది. గుడిసె ఒక్కటే మిగిలింది" అన్నారు మాస్టారు.

అంతటితో ఆపి ఉంటే మనం త్రికోణాన్ని ఎక్కిరిస్తూ ఇంటికి పోయేవాళ్లం. వాడి మొహం అప్పటికే కందగడ్డలా ఉంది. మాస్టారు వాడి తువ్వాలు తీసి తన భుజాన వేసుకున్నారు.

"1973లో అమెరికాలో వాటర్‌గేట్ కుంభకోణాన్ని విచారించిన సెనేట్ కమిటీకి అధ్యక్షుడు శామ్ ఎర్విన్. నేనో ముసలి పల్లెటూరి లాయర్ని అనేవాడు. కనుబొమలు ఎగరేస్తూ పిట్టకథలు చెప్పేవాడు. చదివింది హార్వర్డ్‌లో లా. సెనేట్‌కి వెళ్లకముందు నార్త్ కరొలినా సుప్రీంకోర్టులో జడ్జి. ఆ కథలు విని ఇతనికేం తెలుసులే అనుకున్నవాడికి తర్వాతి ప్రశ్న రాజ్యాంగం లోపల్నుంచి వచ్చేది. ఆయనదీ వేషమే. కానీ ఆ వేషంతో ఎదుటివాడి దగ్గర లెక్క రాబట్టాడు. నువ్వు అదే వేషంతో నీ లెక్క దాచావు." ఇది త్రికోణంతో అన్నారు. నా నోట్‌బుక్‌లో ఉంది, పదహారో పేజీ.

పిల్లి ఊరుకుంటాడా? "అయితే సార్, చదువుకోనివాళ్లంతా దొంగ వేషాలా?" మాస్టారికి కావలసింది ఆ ప్రశ్నే. కామరాజ్‌ని తెచ్చారు. బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయిన మనిషి. 1954 నుంచి 1963 దాకా మద్రాసు ముఖ్యమంత్రి. తనకు దక్కని బడిని పిల్లలకి దగ్గర చేశాడు, ఆకలితో మానేయకుండా మధ్యాహ్న భోజనం పెట్టించాడు. నెహ్రూ పోయాక శాస్త్రిని, శాస్త్రి పోయాక ఇందిరను ప్రధాని కుర్చీ దాకా నడిపించిన వాళ్లలో ముందున్నవాడు. "ఆయన చదువు లేదని గొప్పగా చెప్పుకుని ఓట్లడగలేదు. డిగ్రీ వేరు, పనితనం వేరు. డిగ్రీ దాచుకుని తిరిగేవాడు మూడో రకం."

ఆ పీరియడ్ ఎప్పుడు ముగిసిందో నోట్‌బుక్‌లో లేదు. పెన్సిలు అరిగిపోయింది.

తర్వాత మన చదువులు, పెళ్లిళ్లు, నా మొదటి ఉద్యోగం ఇవన్నీ గంట ఫారంలో నింపి పంపాను, చూసుకోండి. షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాను. నిజం శాసనసభలో స్పీకరు కుర్చీ ముందు రిపోర్టరు బల్ల దగ్గర కూర్చున్నాను. చిన్న గుమాస్తా ఉద్యోగమని మా మావయ్య చాలా రోజులు ముభావంగా ఉన్నాడు. రిటైరయ్యేనాటికి ఆ విభాగానికి పెద్దని. ఇప్పుడు బల్ల దగ్గర కూర్చుంటున్న కుర్రాళ్లలో నలుగురికి నేనే నేర్పాను. వాళ్లలో ఒకడికి నత్తి. అంతకంటే ఏం చెప్పను, మీరు నవ్వుతారు.

ఆ బల్ల దగ్గర మనుషుల మొహాలు తక్కువ కనిపిస్తాయి, గొంతులు ఎక్కువ వినిపిస్తాయి. గ్యాలరీ నిండా విలేకరులున్నప్పుడు ఒక గొంతు, కమిటీ గది తలుపు మూశాక ఒక గొంతు. గదిలో ఏమన్నారో చెప్పను, అది ఉద్యోగ ధర్మం. కానీ యాస సంగతి చెప్పొచ్చనుకుంటా. తలుపు మూయగానే కొందరి యాస మాయమయ్యేది, సెక్షన్ నంబర్లు వచ్చేవి. ఇంకొందరికి తలుపు మూసినా యాస అదే. వాళ్లలో పద్దులు కంఠస్థం ఉన్నవాళ్లనీ చూశాను, కాగితం తిరగేసి పట్టుకున్నవాళ్లనీ చూశాను. గొంతు విని లోపలి సరుకు చెప్పగలనని మొదటి ఐదేళ్లు నాకు గర్వం ఉండేది. ఆ తర్వాత పోయింది.

లాలూ ప్రసాద్ రైల్వే మంత్రిగా ఉన్న రోజుల్లో మా ఆఫీసులో పనిలేని గంటల్లో ఆయన జోకులే. నేనూ అనుకరించేవాణ్ని, అనుకరణలో కూడా నాకు నత్తి రాదు కదా. పట్నా విశ్వవిద్యాలయం విద్యార్థి సంఘం అధ్యక్షుడిగా చేసి లా పట్టా పుచ్చుకున్న మనిషని ఎవరికీ పట్టేది కాదు. 2006లో అహ్మదాబాద్ ఐఐఎం వాళ్లు పిలిచి రైల్వే లాభాల కథ చెప్పించుకున్నారు. సగం మంది ఆయన్ని బఫూన్ అన్నవాళ్లు, మిగతా సగం రాత్రికి రాత్రి మేధావి అన్నవాళ్లు. ఆ హడావుడిలోనే మాస్టారి దగ్గర్నుంచి నాకో కార్డు వచ్చింది. అక్షరాలు అప్పటికే వణుకుతున్నాయి. "జోకులు రాసుకోకు. ఒక్కో వ్యాగన్‌లో బరువు ఎంత పెంచారో రాసుకో. ఆ బరువుకి పట్టాల సంగతి ఎవరైనా అడిగారేమో కూడా రాసుకో." అసలు రాబడి కిటుకు అక్కడే ఉంది: వ్యాగన్లలో ఎక్కువ సరుకెక్కించడం, వాటిని త్వరగా తిప్పడం. 2009 డిసెంబరులో తర్వాతి మంత్రి మమతా బెనర్జీ శ్వేతపత్రం పెట్టి ఆ మిగులు లెక్కనే ప్రశ్నించారు. దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. మాస్టారికి పంపుదామనుకుంటే అప్పటికి ఆయన లేరు.

ఇంకొక్క సంగతి రాసి ఆపేస్తాను. మాట్లాడినవాళ్లకి ప్రసంగం నకలు పంపిస్తాం, అచ్చుతప్పులుంటే దిద్దుకోవడానికి. చాలామంది తెరిచి చూడరు. ఒకాయన మాత్రం స్వయంగా వచ్చేవాడు. సభలో తువ్వాలు దులిపి "నాకేటి తెల్సు అధ్యచ్చా" అన్న మనిషి, నా బల్ల పక్కన కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, పచ్చ ఇంకుతో దిద్దేవాడు. "ఇక్కడ సెక్షన్ 4 అని పడింది, ఉపసెక్షన్ కూడా చెప్పాను, వినపడలేదా? ఈ మొత్తం కోట్లలో కాదు, లక్షల్లో." పద్దుల పుస్తకం తెరవకుండానే. మూత వెనక ఏమీ రాసుకోని రకం. ఎవరో నేను చెప్పను, మీరు ఊహించుకుంటే నా తప్పు లేదు. ఒకసారి "నాకు లెక్కలు రావు" అన్న వాక్యం దగ్గర పచ్చ పెన్ను ఆగింది. చాలాసేపే ఆగింది. నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. దిద్దకుండానే పేజీ తిప్పేశాడు.

ఆ నోట్‌బుక్ నా దగ్గరే ఉంది. అట్ట ఊడిపోయింది, రెండు శనివారాలూ భద్రంగా ఉన్నాయి. ప్రదర్శనకి పెడదాం ఇమ్మని గంట అడిగాడు. ఇవ్వను, పట్టుకొస్తాను. పదిహేడో పేజీ తర్వాత అంతా ఖాళీయే. ముఖ్య అతిథి ప్రసంగానికి సరిపోతుంది.

గంటా, స్టేజీ ముందు నాకో చిన్న బల్ల వేయించు. మైకు వద్దు. పెన్సిళ్లు నేనే తెచ్చుకుంటాను.