తొమ్మిదిన్నర వేలు, పదిహేను కోట్లు, మధ్యలో మా నాన్న రొయ్యలు

మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. 1993లో ఇన్ఫోసిస్ ఐపీఓలో, అంటే కంపెనీ మొదటిసారి జనానికి షేర్లు అమ్మినప్పుడు, 9,500 పెట్టి మర్చిపోయి ఉంటే ఇవాళ ఎన్ని కోట్లో చూడండి అని. బాబాయి ఏడాదికి రెండుసార్లయినా పంపుతాడు, కింద అత్తలూ మామయ్యలూ అయ్యో అంటారు, ఎవరో ఒకరు మా నాన్నని ట్యాగ్ చేస్తారు, ఎందుకంటే ఆ రోజుల్లో మా ఇంట్లో షేర్లు కొన్న ఒకే ఒక్క మనిషి ఆయన. ఈసారి ఆదివారం ఖాళీగా ఉండి ఎక్సెల్ తెరిచి కూర్చున్నా.

లెక్క తప్పేం కాదు, ముందే చెప్పేస్తున్నా. షేరు 95 రూపాయలకి ఇచ్చారు, వంద షేర్లకి 9,500. 1994, 97, 99లో ఒకటికి ఒకటి బోనస్, అంటే ఉన్న ప్రతి షేరుకీ ఇంకోటి ఉచితంగా. 2000లో పది రూపాయల ముఖ విలువ ఉన్న షేరుని ఐదు రూపాయలవి రెండుగా విడగొట్టారు. 2004లో ఒకటికి మూడు, ఆపైన 2006, 2014, 2015, 2018లో మళ్లీ ఒకటికొకటి. వంద కాస్తా 1,02,400 షేర్లయ్యాయి. షేరు 1,500 అనుకుంటే 15 కోట్ల 36 లక్షలు. డివిడెండ్లు, అంటే కంపెనీ లాభంలోంచి పంచే డబ్బు, పక్కన పెట్టినా ఏడాదికి 35 శాతం దాకా చక్రవడ్డీ పడినట్టు. ఇంతకీ ఆ 9,500కి అప్పట్లో రెండు తులాల పైన బంగారం వచ్చేది, మెసేజ్‌లో మాత్రం ఏదో టీ ఖర్చు లాగా రాస్తారు.

తర్వాత సరదాకి 2000 మార్చి దగ్గర ఆపి చూశా. అప్పటికి ఆ వంద షేర్లు 1,600, ధర 13 వేల పైన. అంటే ఏడేళ్లలోనే ఆ డబ్బు రెండు కోట్లు దాటేసింది. ఆ తర్వాత పాతికేళ్లలో ఆ రెండు కోట్లు అయింది పదిహేను కోట్లే. అంటే ఏడున్నర రెట్లు కూడా లేదు, ఏడాదికి ఎనిమిది శాతం చిల్లర, డివిడెండ్లు కలిపితే ఇంకాస్త. ఇదే షేరుని 2000 మార్చిలో కొన్నవాడి కథ ఏ గ్రూప్‌లోనూ తిరగదు. వాడి డబ్బు ఏడాదిన్నరలో నాలుగో వంతు కంటే కిందికి పడిపోయింది, కొన్న ధర మళ్లీ కళ్లచూడ్డానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

సరే, 93లో కొన్నవాడే అనుకుందాం. రెండు కోట్లు చూసిన మనిషి 2001లో యాభై లక్షలు కూడా లేని స్థితి చూశాడు. 2003 ఏప్రిల్ 10న ఫలితాల రోజు షేరు ఒక్కరోజులో పావు వంతు పైగా పడింది, 2013 ఏప్రిల్ 12న 21 శాతం. వీటన్నిటిలో వాడు అమ్మలేదు. పిల్ల పెళ్లికి అమ్మలేదు, ఇంటికి అమ్మలేదు. నేనైతే 1996లోనే, పది రెట్లు కాకముందే అమ్మి స్కూటర్ కొనేవాణ్ణి.

మర్చిపోయి ఉంటే అన్న మాట దగ్గరే నాకు నవ్వొస్తుంది. అప్పుడు షేరంటే కాగితం. షేర్లని కంప్యూటర్ ఖాతాలో దాచే డీమ్యాట్ వచ్చిందే 1996లో. నిజంగా మర్చిపోయి ఏడేళ్లు వరసగా డివిడెండ్ తీసుకోకపోతే, ఇప్పటి చట్టం ప్రకారం ఆ షేర్లు ఎవరూ అడగని షేర్లని దాచే ప్రభుత్వ నిధి ఐఈపీఎఫ్ ఖాతాకి వెళ్లిపోతాయి. వెనక్కి అడగొచ్చు, కాకపోతే ఫారాలు, అఫిడవిట్లు, సంతకం కలవలేదని లేఖలు. కోటీశ్వరుడు అవ్వాలంటే ముందు మీ నాన్నగారి 1993 నాటి సంతకం ఆయనే మళ్లీ అలా పెట్టగలగాలి.

ఇంకో కాలమ్ సత్యం కంప్యూటర్స్‌కి పెట్టా, అది మన హైదరాబాద్ కంపెనీ కదా. 2008లో షేరు 540 దాకా వెళ్లింది. ఆ సెప్టెంబరులోనే కంపెనీని బాగా నడుపుతున్నారని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా ఇచ్చారు. 2009 జనవరి 7న లెక్కలన్నీ దొంగవని ఒప్పుకుంటూ కంపెనీ చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది, రెండు రోజుల తర్వాత షేరు ఇరవై చిల్లర. తర్వాత టెక్ మహీంద్రా కొనుక్కుంది, 2013 విలీనంలో 17 సత్యం షేర్లకి 2 టెక్ మహీంద్రా ఇచ్చారు, అవి 2015 బోనస్‌తో, విభజనతో 8 అయ్యాయి. 540కి 17 షేర్లు కొన్నవాడు పెట్టింది 9,180. మళ్లీ అదే తొమ్మిది వేల చిల్లర చూడండి. షేరు 1,500 దగ్గర ఉంటే అది 12,000. పదిహేడేళ్లకి. జనవరి 9న అందరూ పారిపోతుంటే కొన్నవాడికి అదే 12,000 నాలుగొందల రూపాయలతో వచ్చింది. ఒకే షేరు, మధ్యలో ఎనిమిది నెలలు కూడా తేడా లేదు. దీనికి "దీర్ఘకాలిక రాబడి" ఎంత అని అడిగితే ఏం చెప్పను?

ఇక మా నాన్న. 1993లోనే, అదే వంద షేర్లు, కాకపోతే రొయ్యల కంపెనీవి. పేరెందుకులెండి. సర్టిఫికెట్లు ఇంకా బీరువాలో ఉన్నాయి, అమ్మ పాత పట్టుచీరల కింద, నాఫ్తలీన్ వాసనతో. చుట్టూ ఆకుపచ్చ అంచు, మూలన రొయ్య బొమ్మ, మడత పడినచోట కాగితం చిరిగి సెల్లోటేప్ అంటించి ఉంది, ఆ టేపు కూడా ఇప్పుడు పసుపు రంగుకి తిరిగింది. 94 నుంచి తెల్లమచ్చ తెగులు చెరువుల్ని ఊడ్చేసింది, 1996 డిసెంబరులో తీరం వెంబడి రొయ్యల చెరువులకి వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. ఈ మధ్యలో ఎప్పుడో ఆ కంపెనీ నుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. నా ఎక్సెల్‌లో ఆ వరుసకి చివరి గడి సున్నా.

ఫోన్ చేసి అడిగా, నాన్నా, ఇన్ఫోసిస్ కూడా అదే ఏడాది వచ్చింది కదా, అదెందుకు కొనలేదు అని. అప్పుడు ఆ ఇష్యూకే పూర్తిగా అప్లికేషన్లు రాలేదని, మిగిలినవి అమెరికా బ్యాంకు మోర్గాన్ స్టాన్లీ తీసుకుందని నేను చదివింది కూడా చెప్పా.

"భీమవరంలో కూర్చున్నోడికి సాఫ్ట్‌వేర్ అంటే ఏం తెలుస్తుందిరా? రొయ్యైతే రోజూ లారీల్లో పోయేది, కళ్లతో చూసి కొన్నా" అన్నాడు. తర్వాత కాసేపు ఆగి, ఆ కాగితాలు పారెయ్యొద్దని మీ అమ్మకి చెప్పు అన్నాడు.