చలిజ్వరం తరువాత పదిహేను వందల మీటర్లు

1500 మీటర్ల ఫ్రీస్టైల్ అంటే బరంపురంలో నేను సాధన చేసే 25 మీటర్ల కొలనులో 60 ల్యాప్‌లు. మాస్టర్స్ పోటీల్లో 40–44 ఏళ్ల విభాగంలో నేను ఈదేది ఆ దూరమే. ఉద్యోగరీత్యా గజపతి జిల్లాలోని మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండ గ్రామాలకు తరచూ తిరగవలసి వస్తుంది. శ్రావణమాసపు ముసురులో అటువంటి పర్యటన ఒకటి ముగించుకుని ఇల్లు చేరిన కొద్ది రోజులకే చలిజ్వరం పట్టుకుంది.

సాయంత్రమయ్యేసరికి పళ్లు టకటకలాడేంత వణుకు, ఆపైన ఒళ్లు కాలిపోయే జ్వరం, చివరకు పక్కబట్టలు తడిసిపోయేంత చెమట. వేలికొసన తీసిన రక్తపు బొట్టు ఆ తెల్లని పరీక్ష పట్టీ మీద మెల్లగా పాకి, మామూలుగా రావలసిన గీతతో పాటు ఫాల్సిపారమ్ అనే రకం మలేరియాను చూపే గీత కూడా తేలడం కళ్లారా చూశాను. మూడు రోజుల ఆర్టెసునేట్ మిశ్రమ చికిత్స, ఒక మోతాదు ప్రైమాక్విన్‌తో జ్వరం దిగిపోయింది. వైవాక్స్ అనే మరో రకం మలేరియా లాగా ఇది కాలేయంలో దాగి మళ్లీ తిరగబెట్టే రకం కాదని డాక్టరుగారు ధైర్యం చెప్పారు. చికిత్స గురించి చెప్పుకోవలసింది అంతే. అసలు కథ హిమోగ్లోబిన్ 8.4కు పడిపోయిందని తెలిసినప్పుడు మొదలైంది.

మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలో చేరి, అక్కడే పెరిగి, దాన్ని పగలగొట్టుకుని బయటికి వస్తుంది. ఈ విధ్వంసం జరుగుతున్నంత కాలం మజ్జలో కొత్త కణాల తయారీ కూడా మందగిస్తుంది. దూరపు ఈత పూర్తిగా ఆక్సిజన్ మీద ఆధారపడినది గనుక, ఆక్సిజన్‌ను మోసే కణాలే తగ్గిపోతే భుజబలం ఎంత ఉన్నా ఒరిగేదేమీ లేదు. ఇంట్లో అమ్మ తోటకూర, రాగి అంబలి, బెల్లం వరసగా పెడుతూ, ఇనుము మాత్రలు కూడా వేసుకొమ్మని పోరింది. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పేగులు ఇనుమును సరిగా పీల్చుకోవని, పైగా పగిలిన కణాలలోని ఇనుము చాలా వరకు ఒంట్లోనే మిగులుతుందని, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించిన తరువాతనే మాత్రల సంగతి ఆలోచిద్దామని డాక్టరుగారు అన్నారు. ప్లీహం వాచి ఉన్నందున, స్కానింగులో అది మామూలు పరిమాణానికి వచ్చే దాకా ఈత మొదలుపెట్టే దిమ్మె మీదినుంచి కొలనులోకి దూకడం కూడా నిషేధించారు.

మళ్లీ నీళ్లలోకి దిగడానికి అనుమతి వచ్చాక, మా కోచ్ మాస్టారు 200, 400 మీటర్లకు సమయం చూశారు. జబ్బుకు ముందు 200 మీటర్లు 3:24, 400 మీటర్లు 7:12 పట్టేవి. ఇప్పుడు 3:38, 8:06 పట్టాయి. చిన్న దూరంలో పోయింది 14 సెకన్లే అయినా పెద్ద దూరంలో 54 సెకన్లు పోయాయి. 400, 200 మీటర్ల సమయాల మధ్య తేడాను సగం చేస్తే ఎక్కువసేపు నిలుపుకోగల వేగం వస్తుంది: అది 100 మీటర్లకు 1:54 నుంచి 2:14కు దిగజారింది. రక్తపరీక్ష కాగితం కన్నా ఈ లెక్కే నాకు నా స్థితిని స్పష్టంగా చూపించింది.

మాస్టారు ఒడియావారు; ఆయన తెలుగు సగం ఒడియా యాసలోనే ఉంటుంది. "ధీరే ధీరే బాబూ, నీళ్లను కొట్టకు, పట్టుకో" అన్నారు. వేగంగా ఈదే శక్తి ఎలాగూ లేదు కనుక, ఆ వారాలన్నీ చేతుల లెక్క మీదే, అంటే ఒక ల్యాప్‌కు ఎన్నిసార్లు చేయి వేస్తున్నానన్న దాని మీదే గడిచాయి. చేయి ముందుకు చాచిన వెంటనే మోచేయిని పైనే నిలిపి, ముంజేయిని మాత్రం నిలువుగా దించి నీటిని వెనక్కి నెట్టడం ఆయన పట్టుబట్టి నేర్పించారు. తొడ కండరాలు పెద్దవి కావడం వల్ల అవి తాగే ఆక్సిజన్ కూడా ఎక్కువే. అందుకని చేతుల ఒక్కొక్క జతకు రెండే కాలి తాపులు చాలన్నారు. మూడు చేతులకొకసారి ఊపిరి తీసుకునే అలవాటు కూడా రెండింటికి మారింది, అంటే ఎప్పుడూ ఒకే వైపున. రెండు వైపులా ఊపిరి తీసుకోకపోతే ఈత వంకర పోతుందని వాదించేవారు ఉన్నారు గానీ, రక్తం తక్కువైన మనిషికి ఆ వాదం వినే తీరిక ఉండదు. ల్యాప్‌కు 23 చేతులు పట్టేది క్రమంగా 20కి దిగింది. అప్పటికింకా హిమోగ్లోబిన్ 11 దాటలేదు.

ఎర్ర కణం ఆయుర్దాయం సుమారు 120 రోజులు కనుక కొత్త రక్తం నిండడానికి నెలలు పట్టడం సహజమే. నాకు మాత్రం విసుగు పుట్టింది. కొన్ని ఉదయాలు కొలను గట్టు మీదనే కూర్చుని, పిల్లలు నన్ను దాటుకుని ఈదుతుంటే చూస్తూ, ఇక గోపాలపురం వెళ్లి సముద్రపుటొడ్డున నడుచుకోవడమే మేలనుకున్నాను.

ఆ తరువాతి పోటీ నాటికి హిమోగ్లోబిన్ 14.1, అంటే జబ్బుకు ముందున్నంతే. 1500 మీటర్లలో మొదటి సగం 14:10, రెండో సగం 14:02, మొత్తం 28:12 పట్టింది. అంతకు ముందు నా ఉత్తమ సమయం 28:50. రక్తం మునుపటి స్థాయికే చేరింది కనుక, తగ్గిన 38 సెకన్లు చేతుల లెక్క వల్ల వచ్చినవేనని నా అభిప్రాయం. మాస్టారు ఒప్పుకోరు, వెనుకటి పోటీలలో తొలి 400 మీటర్లలోనే ఊపిరి అరగదీసుకునేవాడినని, ఈసారి జబ్బు భయంతో నెమ్మదిగా మొదలుపెట్టడమే అసలు కారణమని అంటారు. వచ్చే పోటీలో తొలి 400 మీటర్లు ఎంత వేగంగా ఈదాలన్నది మా ఇద్దరికీ ఇంకా తేలలేదు.