బొబ్బట్టు ముట్టని పిల్ల

"పొగరు కాకపోతే ఏంటి?" అంది పెద్దమ్మ, నా చెవి దగ్గరకి వంగి.

పెళ్లి బంతిలో ఎదురు వరసలో ఓ అమ్మాయి భోజనం మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. విస్తట్లో బొబ్బట్టు ఒక్క ముక్క కూడా తుంచలేదు. పైన పోసిన నెయ్యి అంచుల్లో పేరుకుపోయి ఉంది.

నర్సుగా చేసి రిటైరైన అత్త మాత్రం "ఒంట్లో బాలేదేమో వదినా, పెదాలు ఎలా ఎండిపోయాయో చూడలేదూ" అంది. బాబాయి లెక్క బాబాయిది: "విస్తరి ఎంత పడుతుందో తెలుసా? దండగ!"

ముగ్గురిలో ఎవరికీ ఆ పిల్ల పేరు కూడా తెలియదు.

పెద్దమ్మది రాతిగుండేం కాదు. కిలో రెండు రూపాయల బియ్యం కోసం క్యూలో నిలబడి పిల్లల్ని సాకిన మనిషి. ఇప్పటికీ మెతుకు కిందపడితే ఏరి కళ్లకద్దుకుంటుంది. ఆవిడ కళ్లు ముందు విస్తరి మీదే పడతాయి. కానీ అదే క్యూలో నిలబడ్డ మా అమ్మ, చూసినా పల్లెత్తు మాట అనదు. అలా మాట అనేయడం అలవాటు కాదు, స్వభావం.

ఎదుటివాళ్ల పరిస్థితి చూడకుండా, ఏం చేసినా వాళ్ల గుణానికే అంటగట్టే ఈ జబ్బుకి లీ రాస్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1977లోనే ఓ పేరు పెట్టాడు. మనం తినకపోతే గ్యాస్ ట్రబుల్, పక్కవాళ్లు తినకపోతే పొగరు!

ఇదే పెద్దమ్మకి చెప్పబోయాను. వింటేగా! అప్పటికే పెళ్లికొడుకు మేనత్త కట్టిన చీర మీదకి వెళ్లిపోయింది.