పిల్లి బొమ్మల ఊరు

ఆదివారం కదా, పదింటిదాకా లేవకూడదనుకున్నా. రూమ్మేట్ పొద్దున్నే కుక్కర్ పెట్టేశాడు. రెండో విజిల్‌కి నిద్ర ఎగిరిపోయింది, ఇక పడుకుని ఏం లాభమని బయల్దేరా. ఇటలీలోని పీసా నుంచి లుక్కా, అక్కడ రైలు మారి సెర్కియో లోయలో గివిజ్జానో-కొరేలియా స్టేషన్‌లో దిగా. ఊరేమో కొండ మీద. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు, గంటకు పైగా ఎక్కుడే ఎక్కుడు.

కొరేలియా అంతెల్మినెల్లిలో ప్లాస్టర్ బొమ్మలకీ వలసలకీ కలిపి ఒక మ్యూజియం ఉంది. వలస అంటే ఓడలూ ట్రంకుపెట్టెలే ఉంటాయనుకున్నా. ఇక్కడ చూస్తే అరల నిండా బొమ్మలు, వాటిలో పిల్లులు! 18వ శతాబ్దం నాటివట. ఆ నలుపు రంగు వేస్తే వచ్చింది కాదు, కొవ్వొత్తి పొగ పట్టించారు. వంగి చూస్తే పొగ ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పట్టి, అచ్చం బూడిదలో పొర్లొచ్చిన పిల్లిలాగే ఉంది.

ఈ కొండల్లో భూమి తక్కువ, అప్పట్లో తిండి చాలావరకు చెస్ట్‌నట్ అనే చెట్టుగింజల పిండే. అందుకని మగవాళ్లు అచ్చులు పట్టుకుని ఆల్ప్స్ దాటి వెళ్లేవాళ్లు. మన వినాయకుడి విగ్రహాలకు వాడే ఆ తెల్ల పిండి ఎక్కడైనా దొరుకుతుంది, కాబట్టి మోసుకెళ్లాల్సింది అచ్చే. ఏ ఊరు చేరితే అక్కడ ఒక గది తీసుకుని, పిండి కలిపి అచ్చులో పోసి, ఆరాక అతుకు గీతలు చెక్కేసి, నెపోలియన్లనీ మేరీ మాతలనీ చెక్క పలక మీద పేర్చి నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్మేవాళ్లు. తిరిగేవాళ్లలో చిన్న పిల్లలు కూడా ఉండేవాళ్లు, అది చదివాక బొమ్మలు అంత ముద్దుగా అనిపించలేదు.

ముఠాకి ఒక యజమాని. తీసుకెళ్లేదీ పనిలో పెట్టేదీ లెక్క చూసేదీ ఆయనే. దీనికి నాకు వేరే వివరణ అక్కర్లేదు, మాది పాలమూరు. గుంపు మేస్త్రీ అంటే ఏంటో, అడ్వాన్సు తీసుకున్నాక నోరెందుకు లేవదో ఇంట్లో విని పెరిగినవాణ్ణే.

1876 నుంచి వందేళ్లలో ఇటలీ నుంచి దాదాపు 2 కోట్ల 60 లక్షల మంది బయటికి వెళ్లారు, ఒక్క 1913లోనే 8 లక్షల 70 వేలకు పైగా. బొమ్మలవాళ్లు అంతకు చాలా ముందు నుంచే తిరుగుతున్నారు. ఈ లోయలోనే ఉన్న బార్గా వాళ్లయితే స్కాట్లాండ్ పోయి ఐస్‌క్రీం, చేపల వేపుళ్ల కొట్లు పెట్టుకున్నారు. అంకెలు పెద్దవే, కానీ నా బుర్రలో మాత్రం ఆ పిల్లే తిరుగుతోంది.

దిగి వచ్చేటప్పుడు చెస్ట్‌నట్ పిండి రొట్టె, మధ్యలో రికొట్టా అనే మెత్తటి చీజ్ పెట్టింది తిన్నా. కాస్త తియ్యగా, జొన్నరొట్టెలా పొడిపొడిగా ఉంది, రెండోది కూడా అడిగా.

రైలుకి ఇంకా నలభై నిమిషాలుంటే ఇంటికి ఫోన్ చేశా.

"నాయనా, తాత డ్యామ్ పనికి పోయేటప్పుడు ఏం మోసుకుపోతుండె?"

"ఏముంటది, పార, గంప, రొట్టెల మూట. గిదంతా ఇప్పుడెందుకురా? తిన్నవా?"